నలభై అడుగుల కేసింగ్

బోరు మోటరు ఆగిపోయిందని ఎవరు ఫోన్ చేసినా లక్ష్మీరాజం ముందు అడిగేది ఏ చాల్ అని. ఆ ఒక్క మాట చెబితే ఆయనకు సరిపోతుంది. ఆ బోరు ఎన్ని అడుగులో, మోటరు ఎంత లోతున వేలాడుతోందో, పోయినసారి పైకి తీసినప్పుడు పైపులకు ఏ రంగు పాచి పట్టి ఉందో వరసగా గుర్తుకొస్తాయి. ఎక్కడా రాసి పెట్టుకోలేదు.

సూరత్ పక్కన పల్సానా తాలూకాలో జోల్వా ఆయన ఉండే ఊరు. ముందు మగ్గాల షెడ్లు, వాటి వెనక కూలీలుండే రూముల వరసలు. ఒక్కో వరసను అక్కడ చాల్ అంటారు. ఒక్కో చాల్‌కు ఒక బోరు. ఇరవై రెండేళ్లుగా ఆ బోర్లన్నీ లక్ష్మీరాజం చేతుల మీదుగానే నడుస్తున్నాయి.

వయసు యాభై ఎనిమిది. జగిత్యాల పక్క పల్లె నుంచి పంతొమ్మిదో ఏట మగ్గం నడపడానికి వచ్చాడు. పదకొండేళ్లు నడిపాక ఒకరోజు పోగును అటూ ఇటూ నడిపే నాడె ఎగిరొచ్చి ఎడమ కంటి పక్కన తగిలింది. చూపు సగం పోయింది. సగం చూపుతో తెగిన పోగు దొరకదు. మగ్గం వదిలేసి బోరుబండి మీద కూలికి చేరాడు. అక్కడ ఆరేళ్లు చేసి పని నేర్చుకుని, ఆ తర్వాత సొంతంగా ఒక చిన్న షాపు పెట్టుకున్నాడు. బోరు వేయించడం, కేసింగ్ దింపించడం, మోటరు బిగించడం, కాలిపోతే పైకి తీయడం. వంద అడుగుల లోతు నుంచి పైపుల్ని కప్పీతో లాగీ లాగీ నడుము ఎప్పుడో పోయింది. పని నుంచి వచ్చాక గంటసేపు గచ్చు మీద వెల్లకిలా పడుకుంటే తప్ప అన్నం ముందు కూర్చోలేడు. భార్య పోశమ్మ మొదట్లో ఈ పని మానెయ్యమని పోరేది. ఇప్పుడేమీ అనదు. ఆయన పడుకున్నప్పుడు పక్కనే కూర్చుని కూరగాయలు తరుగుతూ ఉంటుంది.

ఊరి పక్కనుంచి ఒక ఖాడీ పోతుంది. ఒకప్పుడు వాగు. ఇప్పుడు చుట్టుపక్కల డైయింగ్ మిల్లుల నీళ్లు కూడా అందులోనే కలుస్తాయి. ఏ మిల్లులో ఏ రంగు నడుస్తుందో ఖాడీని చూసి చెప్పొచ్చు. ఆ నీళ్లు భూమిలోకి ఇంకి బోర్లలోకి దిగుతున్నాయా అన్నది పదేళ్లుగా అందరూ అడుగుతున్న మాట. మొదటిసారి ఎవరో సంస్థవాళ్లు సీసాలు పట్టుకొచ్చారు. రెండోసారి ఇంకెవరో. మూడోసారి వచ్చినవాళ్లు మీటరుతో వచ్చారు. వచ్చినవాళ్లందరినీ లక్ష్మీరాజమే బోరు బోరుకూ తిప్పి చూపించాడు. అందరూ మళ్లీ వస్తామన్నారు. ఎవరూ రాలేదు.

అందుకని పోయిన ఎండాకాలం ఒక అమ్మాయి భుజాన బ్యాగుతో షాపు ముందుకొచ్చి నిలబడ్డప్పుడు ఆయన తల కూడా ఎత్తలేదు.

"నమస్తే కాకా. నేను హారతి. నవాగామ్ నుంచి వచ్చిన. మా బాపు కూడా మగ్గాల మీదనే చేస్తడు."

"ఎవల బిడ్డవు?"

"పరమేశ్ బిడ్డను. కోరుట్లోళ్లం."

ఆయనకు పరమేశ్ తెలియదు. కోరుట్ల తెలుసు. స్టూలు జరిపాడు.

"నీళ్ల గురించేనా? సీసాలు తెచ్చినవా?"

"లేదు కాకా. సీసాలు మస్తు అయినయి. ఇవన్నీ పాత రిపోర్టులే." ఆమె ఒక కట్ట తీసి బల్ల మీద పెట్టింది. "మా కాలేజీ ప్రాజెక్టు. ముప్పై ఒక్క బోర్లు. కానీ వీటి మీద నాకు భరోసా లేదు. ఒకే బోరు ఒక కాగితంలో మంచిగుంది, ఇంకోదాంట్లో ఖరాబుంది. ఏది నిజమో సమజైతలేదు. మిమ్మల్ని అడిగితే తెలుస్తదని వచ్చిన."

రిపోర్టులు పట్టుకుని, వాటి మీద నమ్మకం లేదని చెప్పినవాళ్లను ఆయన అప్పటిదాకా చూడలేదు. చేతికంటిన గ్రీసు తుడుచుకుని మొదటి కాగితం దూరంగా పట్టుకున్నాడు.

"ఇది ఎప్పుడు తీసిన్రు?"

"ఫిబ్రవరిల."

"ఫిబ్రవరిల ఈ బోరు ఎండిపోయుండె. మోటరు నేనే పైకి తీసిన. మరి సీసాల పోసిన నీళ్లు ఎక్కడియి? ట్యాంకరు నీళ్లయి ఉంటయి."

హారతి రాసుకుంది. ఆయన ఇంకో కాగితం తీశాడు.

"ఇది ఖాడీ నీళ్లది. మంచిగున్నయని రాసిన్రు. తారీఖు సూడు. దీపావళి అయినంక వారం. దీపావళికి మిల్లులన్నీ బందుంటయి. పనోళ్లంత ఊళ్లకు పోతరు. అప్పుడు ఖాడీ మంచిగనే ఉంటది."

మూడో కాగితంలో బోరు పేరు పటేల్ చాల్ అని ఉంది. ఆ పేరుతో ఊళ్లో మూడు చాళ్లున్నాయి. ఇలా రెండు గంటలు కూర్చునేసరికి పదకొండు కాగితాలు ఒక పక్కకు పోయాయి.

"ఇవి పారేస్తవా?" అని అడిగాడు.

"పారెయ్యను. వీటి మీద భరోసా తక్కువ అని రాసి పెట్టుకుంట. ఎంత తక్కువో కూడా రాస్త. ఒక్కో బోరుకు మీలాంటోళ్లు తెలిసింది చెప్తే, కాగితాల్లో ఉన్నదీ మీకు తెలిసిందీ కలిపి లెక్క కడతరు. అది మా సార్ పని. నాది అడిగే పని."

"నాకేం సదువొచ్చు బిడ్డా."

"చదువు కాదు కాకా. ఇరవై రెండేళ్లు మీరు భూమి లోపల చూసిన్రు. మేం ఎవ్వరం చూడలేదు."

ఆ మాటకు ఆయన పొంగిపోలేదు. నడుము నొస్తోంది, ఆదివారం చూద్దాం అన్నాడు.

ఆదివారం స్వరాజ్యం ఇంటి వరండాలో కూర్చున్నారు. స్వరాజ్యం వాళ్లది సిరిసిల్ల. భర్త పోయి తొమ్మిదేళ్లు. ఆయన కట్టించిన నాలుగు రూములు అద్దెకిచ్చుకుని, సొంత బోరు మీద ఆ నాలుగిళ్లకూ నీళ్లు వదులుతూ బతుకుతోంది. ఏ ఇంట్లో బియ్యం ఏ రంగుకు తిరిగాయో, ఏ నెలలో స్టీలు బిందె అడుగున చార పడిందో ఆమెకు తెలుసు. మూడో మనిషి రాజమల్లు. పంతొమ్మిదేళ్లు డైయింగ్ మిల్లులో రంగు మిషన్ మీద చేసి, ఊపిరి ఆడక మానేసినవాడు. ఏ రోజు ఏ రంగు వదిలారో నెలలతో సహా చెప్పగలడు.

హారతి లక్ష్మీరాజం షాపులోంచి ముప్పై వాషర్లు అడిగి తీసుకుంది. తలా పది పంచింది. ఒక్కో బోరుకు ఒక కాగితం, దాని మీద రెండు గుండ్రాలు.

"ఖాడీ నీళ్లు ఈ బోరుల దిగుతున్నయి అనిపిస్తే కుడి గుండ్రంల పెట్టుండ్రి. లేదు అనిపిస్తే ఎడమ గుండ్రంల. అటు కొన్ని, ఇటు కొన్ని పెట్టొచ్చు. పక్కా అయితేనే పదికి పది. ఇది పరీక్ష కాదు. మీ అందాజ ఎంతనో అంతే. మొదలు ఎవరికి వాళ్లే పెట్టాలె. పక్కోళ్లవి చూడొద్దు."

"ఆడిపిల్లలు గచ్చకాయలాడినట్టే ఉంది," అంది స్వరాజ్యం. అయినా శ్రద్ధగానే పెట్టింది. ఒక్కో బోరుకు ఆలోచించి, పెట్టిన వాషరు తీసి మళ్లీ పెట్టింది. చాలావాటికి ముగ్గురి లెక్కా దగ్గర దగ్గరగానే వచ్చింది. ధన్‌సుఖ్‌భాయ్ అని మూడు చాళ్ల యజమాని ఉన్నాడు. ఆయన వెనక చాల్ బోరు వచ్చేసరికి తేడా వచ్చింది. రాజమల్లు కుడివైపు ఎనిమిది పెట్టాడు. స్వరాజ్యం ఏడు. లక్ష్మీరాజం రెండు.

హారతి ముగ్గుర్నీ ఇటు తిరగమంది. "ఇప్పుడు ఎందుకు పెట్టిన్రో చెప్పుండ్రి. ఎవరిది తప్పని కాదు. ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెల్వకపోవచ్చు."

రాజమల్లు గొంతు సవరించుకున్నాడు. "మా మిల్లుల మెరూన్ నడిచినప్పుడల్లా పది పదిహేను దినాలకు ఆ చాల్ బిందెల్ల ఎర్ర చార పడేది. నేను మూడు నాలుగు సార్లు సూసిన. ఇంకే బోరుల పడలే."

స్వరాజ్యం అదే మాట అంది. ఆ చాల్ ఆడవాళ్లు కొందరు ఆమె దగ్గరికొచ్చి తాగే నీళ్లు పట్టుకుపోతారని కూడా చెప్పింది.

లక్ష్మీరాజం వంతు వచ్చింది. "అక్కడ తొంభై అడుగుల దాక కేసింగ్ ఉంది," అన్నాడు. "గట్టిరాయి దాక దిగింది. పైనీళ్లు దిగయి."

కేసింగ్ అంటే బోరు వేయగానే అందులో దించే పెద్ద పైపు. జోల్వాలో పైన నల్లరేగడి, దాని కింద మొరం, ఎనభై తొంభై అడుగులకు గట్టిరాయి. ఖాడీ నుంచి ఇంకిన నీళ్లు ఆ మొరంలోనే తిరుగుతుంటాయి. కేసింగ్ గట్టిరాయిని తాకితే ఆ నీళ్లు బోరులోకి రావు. మధ్యలో ఆగితే కింద ఖాళీలోంచి నేరుగా జారుతాయి.

రాజమల్లు తల ఊపాడు. "తొంభై అంటే దిగయి మరి. దింపిచ్చినోనివి నువ్వే. నాకంటె నీకే ఎర్క." అని తన ఎనిమిది వాషర్లలో నాలుగు తీసి ఎడమవైపు పెట్టాడు. స్వరాజ్యం కూడా మూడు జరిపింది. హారతి ఆ అంకెలు రాసుకుంది.

లక్ష్మీరాజం రాజమల్లు చేతినే చూస్తూ ఉన్నాడు. కళ్లతో చూసినదాన్ని ఆ మనిషి తన మాట మీద వెనక్కి తీసుకుంటున్నాడు. ఆ తర్వాత వచ్చిన బోర్లకు తను ఎన్ని వాషర్లు పెట్టాడో ఆయనకు సరిగా గుర్తులేదు.

సాయంత్రం ఇంటికొచ్చి గచ్చు మీద పడుకున్నాడు. పోశమ్మ గోకరకాయ తుంచుతోంది.

"ఏమడిగిన్రు?"

"బోర్ల సంగతి."

"ధన్‌సుఖ్‌భాయ్ ఎనుక చాల్‌ది చెప్పినవా?"

"దాంది ఏముంది చెప్పనీకి?"

పోశమ్మ చేతిలో పని ఆపలేదు. "పదకొండేండ్ల కింద, ఆ చాల్‌ల బాలింతను సూసొస్తనంటే, అక్కడ నీళ్లు తాగకు అంటివి. ఎందుకంటే కేసింగ్ తక్కువ దించినమంటివి. నేను తాగలే. బాలింత తాగింది. ఇయ్యాల్టికి తాగుతనే ఉన్నది."

ఆయన కళ్లు మూసుకున్నాడు.

"నాకు చెప్పినవు," అంది పోశమ్మ. "వాళ్లకు చెప్పలే. అప్పుడు నేను గూడ అడగలే."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే ఆయన ఏదో ఒకటి అనేవాడు. గోకరకాయల చాట తీసుకుని ఆమె లేచి పోయింది.

మర్నాడు పొద్దున్నే షేర్ ఆటో ఎక్కి నవాగామ్ వెళ్లాడు. హారతి వాళ్ల నాన్న రాత్రి పాళీ చేసి వచ్చి లోపల పడుకున్నాడు. ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు. ఆమె చాయ్ తెచ్చిచ్చింది. కప్పు చేతిలో పట్టుకునే ఆయన చెప్పాడు.

"నిన్న నేను అబద్ధం చెప్పిన బిడ్డా. అది తొంభై కాదు. నలభై."

హారతి ఆయన వైపు తిరిగి కూర్చుంది.

"ఆ ఎండకాలం జోల్వాల నాలుగు బోరుబండ్లు తిరుగుతున్నయి. అందరికి తొందర. పైపులు నలభై అడుగులయే వచ్చినయి. మిగతయి రేపొస్తయన్నరు. ఇంక సాలు అన్నడు ధన్‌సుఖ్‌భాయ్. బలవంతం ఏం పెట్టలే. సాలు అన్నడు, నేను సరే అన్న. గంతే. పంచాయతీ కాగితం మీద తొంభై అని రాపిచ్చిన."

"అదొక్కటేనా కాకా?"

"కాదు. ఆ యేడు అయిదు. ఒకసారి సరే అన్నంక మల్ల మల్ల అన్న." చాయ్ చల్లారిపోయింది. "నాలుగు పక్కా. అయిదోది, నరహరి చాల్‌ది, శక్ ఉంది. నలభయ్యో అరవయ్యో గుర్తుకొస్తలేదు."

హారతి పుస్తకం తీసి అయిదు పేర్లూ రాసింది. నాలుగింటి పక్కన నలభై అని వేసింది. అయిదోదాని పక్కన నలభై నుంచి అరవై అని వేసింది.

"తెల్వది అన్నది గూడ రాసుకుంటరా?" అని అడిగాడు.

"అదే ముందుగల రాసుకోవాలె. తెలిసిందీ తెల్వందీ కలిపేస్తే లెక్క మొత్తం చెడిపోతది."

"నా పేరు?"

"పేరు రాయం. ఊరి పంపు మిస్త్రీ అని రాస్తం." ఆమె ఆగింది. "కానీ ఊళ్లె అందరికీ తెలిసిపోతది కాకా. జోల్వాల పంపు మిస్త్రీ మీరే కదా."

"ఔ," అన్నాడు. "రాయి."

ఆ వారంలోనే వరండాలో మళ్లీ కూర్చున్నారు. చెప్పాల్సింది హారతి చెబుతానంది, ఆయన వద్దన్నాడు. రాజమల్లుకు, స్వరాజ్యానికి తనే చెప్పాడు. చివర్న స్వరాజ్యం వైపు తిరిగి, "నీ బోరు గూడ అందులనే ఉంది," అన్నాడు.

"మాది తొంభై అని చెప్పినవు మా ఆయనకు."

"చెప్పిన. నలభయ్యే దించిన."

"పక్కానా?"

"పక్కా."

ఆమె తన బోరు కాగితం దగ్గరికి లాక్కుని పది వాషర్లూ కుడి గుండ్రంలోకి నెట్టింది. నాలుగిళ్లవాళ్లు తన నీళ్లే తాగుతున్నారని, వెనక చాల్ వాళ్లు కూడా మంచివని తన దగ్గరే పట్టుకుపోతున్నారని తనలో తను అనుకున్నట్టుగా అంది. రాజమల్లు తన నాలుగు వాషర్లు తిరిగి ఎనిమిది చేసుకున్నాడు. లక్ష్మీరాజం వైపు చూడలేదు.

రెండు నెలలకు రిపోర్టు తయారైంది. ధన్‌సుఖ్‌భాయ్ వెనక చాల్ బోరులో ఖాడీ నీళ్లు దిగుతూ ఉండే అవకాశం పదిలో ఎనిమిది నుంచి తొమ్మిది. మొత్తం మీద అయిదు బోర్లకు పదిలో ఏడుకు పైన. పది బోర్లకు చెప్పలేమని రాశారు. మిగిలినవాటికి తక్కువ. హారతీ, వాళ్ల సారూ దాన్ని తీసుకుని తాలూకా ఆఫీసుకు వెళ్లారు. మిస్త్రీ కూడా ఉంటే మంచిదని లక్ష్మీరాజాన్ని వెంట తీసుకుపోయారు.

అక్కడి అధికారి కాగితాలు తిరగేశాడు. హిందీలో అడిగాడు. "ఎనిమిది నుంచి తొమ్మిది అంటే ఏంటి? ఉందా, లేదా?"

"ఉండే అవకాశం ఎక్కువ సార్," అంది హారతి. "పక్కాగా చెప్పాలంటే రెండేళ్లు నెలనెలా నీళ్లు పరీక్ష చేయాలి. ఆ రెండేళ్లూ జనం అవే నీళ్లు తాగుతారు."

"రేపు బోరు మాలిక్ కోర్టుకు పోతే నేనేం చూపించాలి? వాషర్లా?"

అది వెటకారం కాదు. ఆయన మొహంలోనూ అలసటే ఉంది. బల్ల మీద అలాంటి ఫైళ్లు చాలా ఉన్నాయి. చివరికి ఒక మాటన్నాడు. బోరులోకి కెమెరా దించి చూస్తే కేసింగ్ ఎక్కడ ఆగిందో తెలిసిపోతుంది. కెమెరా వచ్చేదాకా ఆ అయిదు బోర్లూ తాగడానికి వాడొద్దని నోటీసు ఇస్తానన్నాడు. రోజు విడిచి రోజు పంచాయతీ ట్యాంకరు పంపిస్తానన్నాడు.

నోటీసు అంటించిన మూడో రోజు ధన్‌సుఖ్‌భాయ్ షాపుకొచ్చాడు. వయసులో లక్ష్మీరాజం కంటే పెద్ద. కుర్చీలో కూర్చుని చాలాసేపు ఫ్యాను వైపు చూశాడు.

"రాజమ్‌భాయ్, నా దగ్గరికొచ్చి చెప్పి ఉంటే నేనే ఏదో చేసేవాణ్ని కదా," అన్నాడు హిందీలో.

"పదకొండేళ్లు ఇద్దరికీ తెలుసు సేఠ్," అన్నాడు లక్ష్మీరాజం. "మీరూ చెయ్యలేదు. నేనూ చెప్పలేదు."

"పైపు దించింది నువ్వు."

"నేనే. అదే చెప్పాను."

ధన్‌సుఖ్‌భాయ్ లేచాడు. ఆ తర్వాత ఆయన మూడు చాళ్ల నుంచీ ఫోన్లు ఆగిపోయాయి. ఆయన్ను చూసి ఇంకో ఇద్దరు మాలిక్‌లు కడోదరా నుంచి వేరే మిస్త్రీని పిలిపించుకున్నారు. చాళ్ల జనం కూడా లక్ష్మీరాజాన్ని మెచ్చుకోలేదు. ట్యాంకరు చెప్పిన రోజు రాదు. వచ్చిన రోజు అందరూ షిఫ్టులో ఉంటారు. బిందెలతో పరిగెత్తే ఆడవాళ్లు ఆయన కనిపిస్తే మొహం తిప్పుకునేవారు. ఒకామె ముందుకొచ్చి అడిగింది. "పదకొండేండ్లు తాగినం. ఇంకో పదకొండేండ్లు తాగకపోదుమా? ఇప్పుడు చెప్పి ఏం చేసినవు?" ఆయన ఆమె చేతిలోని బిందె అందుకుని ట్యాంకరు దగ్గర వరసలో నిలబడ్డాడు.

కెమెరా రావడానికి రెండు నెలలు పట్టింది. తీగ చివర బొటనవేలంత గొట్టం, దానికో దీపం. పైన చిన్న టీవీలో బోరు లోపలంతా కనిపించింది. మొదట ధన్‌సుఖ్‌భాయ్ వెనక చాల్. నలభై రెండు అడుగుల దగ్గర పైపు అంచు కనపడింది. దాని కింద మొరం గోడ. గోడలోంచి నీళ్లు సన్నగా కారుతున్నాయి, ఆ కారిన మేరా గోడ ఎర్రగా ఉంది. రాజమల్లు టీవీ దగ్గరికంటా వంగి చూశాడు. "గదే రంగు," అన్నాడు.

తర్వాతి రెండూ ముప్పై తొమ్మిది, నలభై నాలుగు. గుర్తులేదన్న నరహరి చాల్ బోరు యాభై ఎనిమిది. ఆఖరున స్వరాజ్యం బోరు. నలభై దాటింది. పైపు అయిపోలేదు. నలభై ఎనిమిది దగ్గర ఒక అతుకు కనిపించింది. అప్పటిదాకా బూడిద రంగులో ఉన్న పైపు అక్కడి నుంచి నీలంగా మారింది. అది ఎనభై ఎనిమిది అడుగుల దాకా పోయి గట్టిరాయి మీద ఆగింది.

లక్ష్మీరాజం మళ్లీ చూపించమన్నాడు. వాళ్లు మళ్లీ దించారు. అంతే లెక్క.

నీలం పైపు నలభై అడుగులు ఆయన దించిందే. అది దించి, పైనింకా బిగించకుండా బండివాళ్లకు వదిలేసి వేరే చాల్‌కు పోవడం ఆయనకు అప్పుడు గుర్తుకొచ్చింది. తను పోయాక స్వరాజ్యం భర్త ఎక్కడి నుంచో ఇంకో నలభై ఎనిమిది అడుగుల పైపు తెప్పించి, నీలం పైపు మీద అతికించి మొత్తం కిందికి దింపించి ఉంటాడు. తర్వాత ఆయనెప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు. లక్ష్మీరాజం చెప్పిన తొంభై ఆయన నమ్మి ఉండడు. ఆ పనంతా జరిగినప్పుడు స్వరాజ్యం కాన్పుకు సిరిసిల్లలో ఉంది.

పక్కా అన్నవాటిలో ఒకటి తప్పింది. ఆ సాయంత్రమే ఆయన స్వరాజ్యం ఇంటికి వెళ్లాడు. ఆమె వరండాలో బియ్యం ఏరుతోంది. సంగతి అప్పటికే తెలిసింది.

"తప్పు చెప్పిన," అన్నాడు నిలబడే.

"రెండు నెలలు నీళ్లు మోసిన రాజమన్నా. ఒక రూమోళ్లు ఖాళీ చేసి పోయిన్రు." ఆమె చాట పక్కన పెట్టింది. "నువ్వు పక్కా అన్నవు. నేను పదికి పది పెట్టిన."

"ఔ."

"కూసో."

ఆయన కూర్చోలేకపోయాడు. నడుము పట్టేసింది. గోడకానుకుని నిలబడ్డాడు. ఆమే అంది. "ఆ పైపులు తెచ్చిన సంగతి మా ఆయన నాకు గూడ చెప్పలే. గట్లనే ఉండేటోడు. చేసేటోడు, చెప్పకపోయేటోడు." ఆమె తర్వాత లోపలికెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చింది. ఆయన తాగాడు.

మూడు బోర్లు మూసేశారు. నరహరి చాల్ బోరుకు లోపలి నుంచి ఇంకో పైపు దించి చుట్టూ సిమెంటు పోయించారు. స్వరాజ్యం బోరు తిరిగి మొదలైంది. మూసేసిన బోర్ల మోటర్లు పైకి తీయడానికి ఎవరూ రాకపోతే ఆ పని లక్ష్మీరాజమే చేశాడు. ధన్‌సుఖ్‌భాయ్ దూరంగా నిలబడి చూశాడు, దగ్గరికి రాలేదు. పంచాయతీ నల్లా లైను ముందు చాల్ దాకా వచ్చింది. వెనక చాల్‌కు ఇంకా రాలేదు. అక్కడివాళ్లు ముందు చాల్ దాకా నడిచొచ్చి పట్టుకుంటున్నారు. దూరం తక్కువే, కానీ వరస పెద్దది.

వానలు పడ్డాక హారతి మళ్లీ వచ్చింది. చెప్పలేం అని రాసిన ఆ పది బోర్ల గురించి. ఆమె చేతిలో కొత్త కాగితాలున్నాయి.

"ఇంతకు రిపోర్టు కరెక్టేనా బిడ్డా?" అని అడిగాడు.

"ముందటికంటే కొంచెం ఎక్కువ కరెక్టు," అంది. "మీరు పక్కా అన్న నాలుగింట్ల మూడు సరిపోయినయి. ఇక మీదట మీరు పక్కా అంటే పదికి పది వెయ్యం. ఏడో ఎనిమిదో వేస్తం."

"నా మాటకు నేను గూడ గంతే వెయ్యాలె," అన్నాడు.

పోశమ్మ రెండు కప్పుల్లో చాయ్ తెచ్చి ఇచ్చింది. లక్ష్మీరాజం గచ్చు మీద దుప్పటి పరిచి వెల్లకిలా పడుకున్నాడు. ముందు మొదటి బోరు పేరు చదవమన్నాడు. హారతి చదివింది. ఆయన కళ్లు మూసుకుని చాలాసేపు ఆలోచించి, ఆ బోరు తను వేయించింది కాదని, పైపులు మాత్రం రెండుసార్లు పైకి తీశానని, రెండోసారి తీసినప్పుడు కింది మూడు పైపులకు తుప్పు ఎక్కువ ఉందని, అంతకుమించి తనకు తెలియదని చెప్పాడు.